క్యాండిడేట్ లైన్‌లో ఆ పదంకెల సంఖ్య ఏం చెబుతోంది? బ్రౌజర్లు దారి ఎంచుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

బ్రౌజర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట, బొమ్మ, డేటా పంపుకునే వెబ్‌ఆర్‌టీసీతో పని మొదలుపెట్టిన కొత్తలో మనందరం ఒకటే చూస్తాం: కాల్ కలిసిందా, లేదా. కలిస్తే సంబరం. కలవకపోతే ఇంకో స్టన్ సర్వర్ చేర్చి మళ్ళీ ప్రయత్నం. కన్సోల్‌లో క్యాండిడేట్ లైన్లు, అంటే మనల్ని చేరగల చిరునామాలు చెప్పే లైన్లు, బారులు తీరి పోతుంటాయి, ఒక్కోదాంట్లో ఒక పెద్ద సంఖ్య ఉంటుంది, దాన్ని దాటేసి పోర్టు నంబరు దగ్గరికి వెళ్ళిపోతాం. ఆ సంఖ్యను విప్పి చదవడం వచ్చాక నాకు ఈ పనిలో సగం భయం పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఒక కాగితం, పెన్ను, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా ఒక సంగతి మనసులో ఉంచుకోండి. ఆ సంఖ్య పేరు ప్రాధాన్యం, అది వరుసను నిర్ణయిస్తుంది. ఏ దారిని ముందు తట్టి చూడాలి అన్నంతవరకే దాని అధికారం. చివరికి ఏ దారిన మాట, బొమ్మ ప్రవహిస్తాయన్నది ఆ దారి తెరుచుకుందా లేదా అన్నదాని మీద, ఆ తర్వాత బ్రౌజర్ వేసుకునే ఇంకొన్ని లెక్కల మీద ఆధారపడుతుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతుంది.

మొదటి మెట్టు: క్యాండిడేట్లను కళ్ళతో చూడండి

క్రోమ్‌లో కొత్త ట్యాబ్ తెరిచి, చిరునామా పట్టీలో క్రోమ్ పేరు, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ తర్వాత వెబ్‌ఆర్‌టీసీ-ఇంటర్నల్స్ అని కొట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అబౌట్, కోలన్, వెబ్‌ఆర్‌టీసీ. క్రోమ్‌లో ఈ పేజీని కాల్ మొదలుపెట్టక ముందే తెరిచి ఉంచడం మంచిది. ఇప్పుడు ఇంకో ట్యాబ్‌లో మీ కాల్ మొదలుపెట్టండి.

మూడు రకాల క్యాండిడేట్లు కనిపిస్తాయి. హోస్ట్ అంటే మీ మెషీన్‌కి సొంతంగా ఉన్న చిరునామా, ఇంటి వైఫై ఇచ్చిన 192.168తో మొదలయ్యేది లాంటిది. సర్వర్ రిఫ్లెక్సివ్ అంటే మీ రౌటర్ బయటి ప్రపంచానికి చూపించే చిరునామా. స్టన్ సర్వర్‌ని "నేను నీకు ఎక్కడి నుంచి కనిపిస్తున్నాను?" అని అడిగి తెలుసుకున్నది. రిలే అంటే టర్న్ సర్వర్ మీ పేరు మీద తెరిచి ఇచ్చిన చిరునామా. అవతలి వాళ్ళు అక్కడికి పంపిన ప్యాకెట్లను అది మీకు మోసుకొచ్చి ఇస్తుంది. నాలుగోది ఒకటుంది, పీర్ రిఫ్లెక్సివ్. అది ముందుగా దొరకదు, తనిఖీలు జరుగుతున్నప్పుడు అవతలి వాళ్ళ ప్యాకెట్ అనుకోని చిరునామా నుంచి వచ్చినప్పుడు పుడుతుంది.

హోస్ట్ చిరునామా ఉండాల్సిన చోట పొడుగాటి అక్షరాల వరుస, చివర చుక్క లోకల్ అని కనిపిస్తే కంగారు పడకండి. పేజీకి కెమెరా, మైకు అనుమతి లేనప్పుడు బ్రౌజర్ మీ అసలు లోపలి చిరునామాను దాచి, ఎమ్‌డీఎన్‌ఎస్ పేరు, అంటే ఆ స్థానిక నెట్‌వర్క్‌లోనే విప్పగలిగే పేరు ఇస్తుంది. మాట, బొమ్మ లేకుండా కేవలం డేటా ఛానెల్ వాడే యాప్‌లలో ఇది మామూలుగా కనిపిస్తుంది. మన కథలో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

రెండో మెట్టు: సంఖ్యను విప్పండి

ఇలా దారులు సేకరించి, తట్టి చూసి, ఎంచుకునే పద్ధతి పేరు ఐస్. దాన్ని నిర్వచించే ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 8445 జులై 2018లో వచ్చింది. 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5245 స్థానంలో. రెండింట్లోనూ సూత్రం ఒక్కటే. క్యాండిడేట్ రకానికి ఇచ్చిన మార్కును 2 ఘాతం 24తో, అంటే 16777216తో గుణించాలి. ఒకే రకం క్యాండిడేట్లలో ఏది ముందో చెప్పే స్థానిక ప్రాధాన్యాన్ని 256తో గుణించి దానికి కలపాలి. చివరగా 256 నుంచి కాంపొనెంట్ నంబరు, అంటే మీడియాకి, దాని నియంత్రణ ప్యాకెట్లకి విడివిడి దారులుంటే ఇది ఏదో చెప్పే నంబరు, తీసేసి వచ్చినదాన్ని కలపాలి. ఇప్పుడు ఆడియో, వీడియో, వాటి నియంత్రణ ప్యాకెట్లు అన్నీ ఒకే దారిన పోతాయి కాబట్టి కాంపొనెంట్ నంబరు దాదాపు ఎప్పుడూ 1. చివరి ముక్క 255.

క్రోమ్‌లో మీకు తరచూ కనిపించే సంఖ్య ఒకటి తీసుకుందాం: 2122260223.

దీన్ని 16777216తో భాగించండి. భాగఫలం 126, శేషం 8331007. ఆ 126 హోస్ట్ రకానికి ఇచ్చే మార్కు. ఇప్పుడు 8331007ని 256తో భాగిస్తే 32542, శేషం 255. శేషం మనం అనుకున్నదే. ఈ 32542 స్థానిక ప్రాధాన్యం. దాన్ని మళ్ళీ 256తో భాగించండి: 127, శేషం 30.

ఇక్కడే అసలు రుచి ఉంది. 127 అంటే ఈ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ క్రోమ్ దృష్టిలో అన్నిటికంటే ముందుది. 30 అంటే ఇది ఐపీవీ4 చిరునామా. మామూలు ఐపీవీ6 అయితే 40 ఉంటుంది. ఒక్క సంఖ్యలో "హోస్ట్, మొదటి నెట్‌వర్క్, ఐపీవీ4, మొదటి కాంపొనెంట్" అని నాలుగు మాటలు దాక్కున్నాయి.

ఇంకో జత చూడండి. ఐపీవీ6 కూడా ఉన్న వైఫైలో క్రోమ్ సాధారణంగా 2122262783, 2122194687 అనే రెండు సంఖ్యలు ఇస్తుంది. విప్పితే మొదటిది 126, 127, 40. రెండోది 126, 126, 30. వైఫై ఒక్కటే కదా, రెండో దానికి 127 ఎందుకు రాలేదు అని నేను చాలాసేపు తికమకపడ్డాను. క్రోమ్ ఒకే ఇంటర్‌ఫేస్ మీది ఐపీవీ4, ఐపీవీ6లను రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లుగా లెక్కేస్తుంది. నెట్‌వర్క్ రకం సమానమైతే ఐపీవీ6ని ముందు నిలబెడుతుంది. అందుకని ఐపీవీ4 ఒక మెట్టు దిగింది. రకాలు వేరైతే ఈథర్‌నెట్ ముందు, ఆ తర్వాత వైఫై, ఆ తర్వాత మొబైల్ డేటా. క్రోమ్ వెర్షన్‌ని బట్టి ఆ 30, 40ల చోట కొద్దిపాటి తేడా కనిపించవచ్చు. విప్పే పద్ధతి మాత్రం మారదు.

మూడో మెట్టు: రకాల మార్కులు, బ్రౌజర్‌ల మధ్య తేడా

ప్రమాణపత్రం సూచించిన మార్కులు: హోస్ట్‌కి 126, పీర్ రిఫ్లెక్సివ్‌కి 110, సర్వర్ రిఫ్లెక్సివ్‌కి 100, రిలేకి 0. ఎంత దగ్గరి దారి అయితే అంత ఎక్కువ. ఈ మార్కు 2 ఘాతం 24తో గుణించబడుతుంది కాబట్టి కింద ఉన్న స్థానిక ప్రాధాన్యం ఎంత పెరిగినా దీన్ని దాటలేదు. ఎంత గొప్ప నెట్‌వర్క్ మీది రిలే అయినా, ఎంత నాసిరకం నెట్‌వర్క్ మీది హోస్ట్ కంటే కిందే.

ఈ మార్కులు సూచనలే కాబట్టి బ్రౌజర్లు వాటికి సొంత సవరణలు చేసుకున్నాయి. క్రోమ్‌లో రిలేకి మూడు అంతరాలు ఉన్నాయి: టర్న్ సర్వర్‌ని యూడీపీతో చేరితే 2, టీసీపీతో అయితే 1, టీఎల్‌ఎస్‌తో అయితే 0. అందుకే క్రోమ్‌లో 41885439 కనిపిస్తే యూడీపీ టర్న్ అని, 25108223 అయితే టీసీపీ టర్న్ అని, 8331007 అయితే టీఎల్‌ఎస్ అని చూడగానే చెప్పేయొచ్చు. నేను ఈ మూడింటినీ కంఠస్థం చేసుకున్నాను. లాగ్ ఫైల్ వెతుకుతున్నప్పుడు ఎంతో సమయం కలిసొస్తుంది. ఒకటికి మించి టర్న్ సర్వర్లు ఇస్తే జాబితాలో ముందున్న దానికి కొద్దిగా ఎక్కువ ప్రాధాన్యం దక్కుతుంది. కాబట్టి మీ వినియోగదారులకు దగ్గరగా ఉన్న సర్వర్‌ని ముందు రాయండి.

ఫైర్‌ఫాక్స్‌లో హోస్ట్ సంఖ్య 2122252543లా కనిపిస్తుంది. విప్పితే 126, 127, 0. అంటే ఫైర్‌ఫాక్స్ ఆ చివరి గడిలో చిరునామా రకాన్ని పెట్టదు. టీసీపీ హోస్ట్ విషయంలో తేడా ఇంకా ఎక్కువ. క్రోమ్ దానికి 90 ఇచ్చి సర్వర్ రిఫ్లెక్సివ్ కంటే కిందికి నెడుతుంది, ఫైర్‌ఫాక్స్ 125 ఇచ్చి యూడీపీ హోస్ట్ పక్కనే కూర్చోబెడుతుంది. ఈ తేడాల వల్ల కాల్ చెడిపోదు. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: జతలు కట్టడం

ఇప్పటిదాకా చూసింది ఒక వైపు. తనిఖీ చేసేది మాత్రం జతలను: నా ఈ చిరునామా నుంచి నీ ఆ చిరునామాకి. నా వైపు ఐదు, నీ వైపు ఐదు ఉంటే పాతిక జతలు. ఐపీవీ4, ఐపీవీ6 కలవవు కాబట్టి అవి తీసేయగా కొన్ని తగ్గుతాయి. నా సర్వర్ రిఫ్లెక్సివ్ నుంచి పంపడం అంటే నిజానికి నా హోస్ట్ నుంచి పంపడమే, రౌటర్ దారిలో చిరునామా మారుస్తుంది, అంతే. కాబట్టి అలా ఒకటే అయిపోయిన జతల్లో ఒకదాన్ని ఉంచి మిగతావి కొట్టేస్తారు. ప్రమాణపత్రం ప్రకారం మామూలుగా వంద జతలకు మించి ఉంచుకోకూడదు.

జత ప్రాధాన్యం ఇలా వస్తుంది. ఇద్దరిలో ఒకరిది నియంత్రించే పాత్ర, సాధారణంగా ఆఫర్ (కాల్ మొదలుపెట్టే సందేశం) పంపినవారిది. ఆ వైపు క్యాండిడేట్ ప్రాధాన్యం, ఇవతలి వైపు ప్రాధాన్యం రెండూ తీసుకుని, వాటిలో చిన్నదాన్ని 2 ఘాతం 32తో గుణించాలి. దానికి పెద్దదాన్ని రెండింతలు చేసి కలపాలి. నియంత్రించే వైపుది పెద్దదైతే ఇంకో 1 కలపాలి.

చిన్నదాన్ని పెద్ద గుణకంతో ఎందుకు గుణించారు? కాడికి కట్టిన రెండెడ్లలో నీరసమైనది ఎంత నడిస్తే బండి అంతే కదులుతుంది. ఒక వైపు చక్కటి హోస్ట్, అవతల రిలే ఉంటే, ఆ దారి రిలే దారే. అందుకే ఆ జత రిలే స్థాయికే దిగుతుంది. రెండు వైపులా హోస్ట్ ఉన్న జత అన్నిటికంటే పైన నిలుస్తుంది.

ఈ సూత్రంలో నాకు బాగా నచ్చిన గుణం ఏంటంటే, రెండు బ్రౌజర్లూ విడివిడిగా లెక్కేసినా ఒకే సమాధానం వస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వేర్వేరు మార్కులు ఇచ్చుకున్నా, ఎవరి సంఖ్యను వాళ్ళు క్యాండిడేట్ లైన్‌లో రాసి పంపుతారు కాబట్టి జత లెక్కలో ఇద్దరూ అవే రెండు సంఖ్యలు వాడతారు. వరుస ఒకటే అవుతుంది, దాదాపు ఒకే సమయంలో ఇద్దరూ ఒకే దారిని తడతారు. నాట్ రౌటర్లలో, అంటే లోపలి చిరునామాను బయటిదిగా మార్చే రౌటర్లలో, రంధ్రం తెరుచుకోవడానికి ఇద్దరూ ఒకేసారి పంపడం ఎంతో అవసరం.

అందుకే ఒక హెచ్చరిక. అవతలి నుంచి వచ్చిన క్యాండిడేట్ లైన్‌లో ఆ సంఖ్యను మీ జావాస్క్రిప్ట్‌లో మార్చి బ్రౌజర్‌కి ఇవ్వొచ్చు, బ్రౌజర్ ఒప్పుకుంటుంది కూడా. కానీ మార్చింది మీ వైపు మాత్రమే. రెండు వైపుల వరుసలూ వేరైపోతాయి. ఏదైనా దారి వద్దనుకుంటే ఆ క్యాండిడేట్‌ని అసలు పంపకుండా ఆపేయడం మేలు.

ఇంకో చిన్న సంగతి: జత ప్రాధాన్యం మామూలుగా 19 అంకెల సంఖ్య అవుతుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలు 9007199254740991 దాటాక కచ్చితత్వం కోల్పోతాయి. కాబట్టి గణాంకాల్లో కనిపించే జత సంఖ్యలో చివరి అంకెలు మీ చేతి లెక్కతో కలవకపోతే మీ లెక్క తప్పని అనుకోకండి. పెద్ద పూర్ణసంఖ్యలను కచ్చితంగా ఉంచే బిగ్‌ఇంట్‌తో లెక్కేయండి.

ఐదో మెట్టు: తట్టి చూడడం

వరుస తయారయ్యాక పైనుంచి కిందికి ఒక్కో జత మీద స్టన్ బైండింగ్ రిక్వెస్ట్ అనే చిన్న ప్రశ్న ప్యాకెట్ పంపుతారు. అన్నీ ఒకేసారి పంపితే నెట్‌వర్క్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది, రౌటర్లు పడేస్తాయి. ప్రమాణపత్రం ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 50 మిల్లీసెకన్ల ఎడం సూచిస్తుంది. క్రోమ్ మొదట్లో 48 మిల్లీసెకన్లకు ఒకటి పంపుతుంది. క్రోమ్ లోపలి కోడ్ ప్రమాణపత్రంలోని స్థితుల పట్టికను అక్షరాలా పాటించదు, కానీ మన లెక్కకు ఈ అవగాహన చాలు.

దీని నుంచి వెంటనే వాడుకోగలిగిన పాఠం ఒకటుంది. స్టన్ సర్వర్లు ఎన్ని ఎక్కువ ఇస్తే అంత మంచిదని కొందరు ఏడెనిమిది పెడతారు. చాలా ఇళ్ళ రౌటర్లలో అవన్నీ ఒకే బయటి చిరునామా చెబుతాయి, సమాచారం పెరగదు, సేకరణ మాత్రం నెమ్మదిస్తుంది. ఒకటి, మహా అయితే రెండు చాలు. జాబితాకి చోటు ఇవ్వాల్సింది టర్న్‌కి.

ఆరో మెట్టు: తీర్పు

ఒక జత జవాబు ఇచ్చింది, ఇంకోటి కూడా ఇచ్చింది. ఎవరిని ఎంచుకోవాలి? నియంత్రించే వైపు నామినేట్ చేస్తుంది, అంటే ఈ జతనే వాడదామని చెబుతుంది. ఇద్దరూ "నేనే నియంత్రిస్తాను" అనుకుంటే ఎవరికి వాళ్ళు ఎంచుకుని తనిఖీ ప్యాకెట్లలో పంపే 64 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యతో తగవు తీరుతుంది.

క్రోమ్ తూకం వేసే వరుస ఇది. ముందు, ఈ జత పనిచేస్తోందా, జవాబులు వస్తున్నాయా. తర్వాత నెట్‌వర్క్ ఖర్చు. ఆ తర్వాతే మనం ఇంత కష్టపడి విప్పిన ప్రాధాన్య సంఖ్య. చివరగా రాకపోకల సమయం. ఖర్చు ప్రాధాన్యం కంటే ముందుంది, గమనించండి. క్రోమ్ క్యాండిడేట్ లైన్ చివర నెట్‌వర్క్-కాస్ట్ అని ఒక సంఖ్య ఉంటుంది. వైఫైకి 10, రకం తెలియని దానికి 50, మొబైల్ డేటాకి మామూలుగా 900. ఫోన్‌లో వైఫై, మొబైల్ డేటా రెండూ ఆన్‌లో ఉన్నప్పుడు, మొబైల్ దారి నేరుగా ఉండి వైఫై దారి రిలే గుండా పోతున్నా, క్రోమ్ వైఫై వైపు మొగ్గొచ్చు. డేటా ప్యాక్ అయిపోకుండా చూసే జాగ్రత్త అది. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. మన ఊళ్ళల్లో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికే వాళ్ళకి కాల్‌లో కాస్త ఆలస్యం కంటే సాయంత్రానికి డేటా అయిపోవడమే పెద్ద బాధ.

ఏడో మెట్టు: చివరికి ఏ దారిన పోతోందో రుజువు చేసుకోండి

క్రోమ్ వెబ్‌ఆర్‌టీసీ-ఇంటర్నల్స్ పేజీ చూపే గణాంకాల్లో ట్రాన్స్‌పోర్ట్ అనే నమోదు వెతకండి. అందులో ఎంపికైన క్యాండిడేట్ జత ఐడీ ఉంటుంది. ఆ ఐడీతో జతను, జత నుంచి స్థానిక, దూరపు క్యాండిడేట్లను తెరవండి. నామినేట్ అయిన జత అని వెతికితే ఒక్కోసారి ఒకటికంటే ఎక్కువ కనిపించి దారి తప్పిస్తాయి. ట్రాన్స్‌పోర్ట్ నుంచి వెళ్ళడమే నమ్మకమైన దారి. జతలో రాకపోకల సమయం సెకన్లలో ఉంటుంది, అంటే 0.004 అంటే 4 మిల్లీసెకన్లు.

ఒక శిక్షణ తరగతిలో జరిగింది చెబుతాను. ఒకే బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు, ఒకే వైఫై, డేటా ఛానెల్ మీద ఫైలు పంపుతున్నారు ఇద్దరు విద్యార్థులు. ఫైలు నత్తనడక నడుస్తోంది. "సార్, పక్కపక్కనే ఉన్నాం కదా, హోస్ట్‌కి 126 కదా, అదే గెలవాలి కదా?" అని అడిగాడు ఒకబ్బాయి. ప్రశ్న సరైనదే. గణాంకాలు తెరిచాం. ఎంపికైన జతలో రెండు వైపులా రిలే. పక్క మనిషికి పంపే ఫైలు ఇంకో దేశంలోని సర్వర్ దాకా వెళ్ళి వస్తోంది.

వరుసలో ముందు చోటు హోస్ట్ జతలదే, కానీ ఒక్కటీ తెరుచుకోలేదు. కారణం ఆ వైఫై అతిథుల కోసం పెట్టినది, ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా రౌటర్‌లో క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేసి ఉంది. పైగా డేటా ఛానెల్ మాత్రమే కాబట్టి హోస్ట్‌లన్నీ చుక్క లోకల్ పేర్లు. ఆ పేర్లను విప్పడానికి కావాల్సిన మల్టీకాస్ట్ (నెట్‌వర్క్‌లోని పరికరాలను ఒకేసారి అడిగే పద్ధతి) కూడా ఆగిపోయింది. తర్వాత సర్వర్ రిఫ్లెక్సివ్ జతలు. ఇద్దరిదీ బయటి చిరునామా ఒక్కటే, ప్యాకెట్ రౌటర్ దాకా వెళ్ళి అక్కడి నుంచే వెనక్కి తిరిగి రావాలి. దాన్ని హెయిర్‌పిన్ అంటారు, ఆ రౌటర్ ఆ పని చేయదు. మిగిలింది రిలే. వరుసలో అట్టడుగున ఉన్నదే గెలిచింది.

ఇద్దరినీ ఒకరి ఫోన్ హాట్‌స్పాట్‌కి మార్చాం. మళ్ళీ కలిపితే రెండు వైపులా హోస్ట్, ఫైలు క్షణాల్లో వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి కాగితం మీద తను విప్పుకున్న 126 చుట్టూ పెన్నుతో గీత గీసుకున్నాడు.

ఎనిమిదో మెట్టు: మీ చేతిలో ఉన్నవి

కాల్ కలవకపోతే ముందుగా టర్న్ నిజంగా పనిచేస్తోందా చూడండి. ఐస్ ట్రాన్స్‌పోర్ట్ పాలసీని రిలేకి మార్చి కాల్ చేయండి. హోస్ట్, రిఫ్లెక్సివ్ అన్నీ పక్కకు పోయి టర్న్ ఒక్కటే మిగులుతుంది. అప్పుడు కూడా కలవకపోతే తప్పు టర్న్ వివరాల్లోనో, పాస్‌వర్డ్ గడువులోనో ఉండొచ్చు. ఐస్ క్యాండిడేట్ ఎర్రర్ ఈవెంట్‌కి ఒక శ్రోతను పెట్టండి, 701 కోడ్ వస్తే ఆ సర్వర్‌ని చేరలేకపోయిందని అర్థం. పరీక్ష అయ్యాక పాలసీని వెనక్కి మార్చడం మర్చిపోవద్దు. నేను ఒకసారి మర్చిపోయి వారం రోజులు అన్ని కాల్స్‌నీ రిలే మీద నడిపాను.

టర్న్‌ని యూడీపీ 3478 మీద, దాంతోపాటు టీఎల్‌ఎస్‌ని 443 మీద కూడా ఇవ్వండి. కొన్ని ఆఫీసులు, కాలేజీల ఫైర్‌వాల్స్ యూడీపీని మొత్తంగా ఆపేస్తాయి. అక్కడ 443 ఒక్కటే తలుపు. మార్కుల్లో 0 ఉన్నా సరే, ఆ ఒక్కటీ ఉంటే కాల్ కలుస్తుంది.

స్టన్ చెప్పే బయటి చిరునామా కాకుండా, రౌటర్‌కే వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ సర్వీస్ ప్రొవైడర్ ఇంకో పొర నాట్ వేశాడని అర్థం. అలాంటప్పుడు ఐపీవీ6 ఇద్దరికీ ఉంటే మాత్రం పరిస్థితి మారిపోతుంది. ఇద్దరి ఫోన్లకీ సొంత ప్రపంచవ్యాప్త చిరునామాలు, ఫైర్‌వాల్ అడ్డుపడకపోతే హోస్ట్ జత నేరుగా తెరుచుకుంటుంది. మీ పరీక్షల్లో ఇద్దరు వేర్వేరు మొబైల్ డేటా వినియోగదారుల మధ్య కాల్ ఒకటి తప్పకుండా చేసి, ఎంపికైన జతలో చిరునామా ఐపీవీ6దో ఐపీవీ4దో రాసుకోండి. ఆఫీసు వైఫై మీద చేసిన వంద కాల్స్ చెప్పని సంగతి ఆ ఒక్క కాల్ చెబుతుంది.